పనులున్న సీమలో పనిలేనివారు

మాఘ ఫాల్గుణ మాసములలో గుంటూరు, నరసరావుపేట, చిలకలూరిపేట, పర్చూరు ప్రాంతములందు మిరపచేలు ఎర్రబడి కోతకు వచ్చునప్పటికి, ఆ కోతకు చేతులు చాలక రైతు ఆదోని, ఎమ్మిగనూరు దిక్కులకు మేస్త్రీలను పంపి, ముందుగా అడ్వాన్సు లిచ్చి కుటుంబములకు కుటుంబములనే రప్పించుకొనుచుండగా, అదే రైతు ఇంట బి.టెక్. ముగించిన కుమారుడు గుంటూరు బ్రాడీపేట కోచింగు సెంటరులో రాబోవు నోటిఫికేషను కొరకు కరెంట్ అఫైర్సు వల్లించుచుండుట ఈ సీమలో ఇప్పుడెవ్వరికిని వింతగా తోచదు. పని ఉన్నది, పనిచేయగల వయసువారును ఉన్నారు, ఆ రెండును ఒకచోట కలిసికొనుట లేదు. నిరుద్యోగమును గూర్చి మన పత్రికలలో వచ్చు వ్యాసములు చాలవరకు జనాభా పెరిగినది, ఉద్యోగములు పెరుగలేదు అను లెక్కతో మొదలై ఆ లెక్కతోనే ముగియును గాని, పత్తికిని మిరపకును పుట్టినిల్లయిన ఈ మైదానమున ఆ లెక్క సగము కథయైనను చెప్పదు. ఇచ్చటి పనిలేమి పంటల క్యాలెండరులో కొంత, పంట డబ్బుతో కొన్న చదువులో కొంత, ఆ చదువు పుణ్యమా అని పొలముపని మీద ఏర్పడిన ఏహ్యతలో కొంత దాగియున్నది.

ఈ ప్రాంతమునకు పనిలేమి కొత్తది కాదు. నందన నామ సంవత్సరమున, అనగా 1832-33లో, వానలు లేక సేద్యము నిలిచిపోయినప్పుడు గుంటూరు మండలమున సుమారు అయిదు లక్షల జనములో లక్షన్నరకు తక్కువ కాకుండ నశించిరి; డొక్కల కరువని తరతరములు చెప్పుకొన్న ఆ విపత్తులో గింజలు లేకపోవుట ఎంత నిజమో, గింజలు కొనుటకు కూలి దొరకకపోవుటయు నంత నిజము. ఆ దెబ్బ తరువాతనే కృష్ణపై ఆనకట్ట ఆలోచన బలపడి 1855 నాటికి బెజవాడ వద్ద కట్టడము నిలిచినది. కాని ఆ నీరు తెనాలి, రేపల్లె, బాపట్ల వైపు వరిపొలములను తడిపినదే తప్ప పడమటి నల్లరేగడి మెట్టలను వాన దయకే విడిచినది. తరువాతి శతాబ్దమున డెల్టాలో భూమి చాలని రైతులు నిజాంసాగరు క్రిందికి, తుంగభద్ర ఆయకట్టున రాయచూరు, బళ్లారి జిల్లాలకు తరలిపోయి క్యాంపులు కట్టుకొనిరి. ఇచ్చట ఒక ఎకరము అమ్మి అచ్చట నాలుగెకరములు కొనగలిగినవానికి ఆ దారి తెరచుకొన్నది గాని, అమ్ముటకు ఎకరము లేని కూలివానికి అది దారి కాలేదు. ఆ కూలివాని బ్రతుకును గుంటూరువారైన ఉన్నవ లక్ష్మీనారాయణగారు ‘మాలపల్లి’ నవలలో 1922లోనే లోకము ముందు పెట్టగా, ఆనాటి ప్రభుత్వము చేసిన సమాధానము నవలను నిషేధించుట.

నాగార్జునసాగరము వచ్చుటతో మెట్టసీమ ముఖచిత్రము మారినది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసి, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదలువరకు నడిచిన ఆ పండ్రెండేండ్లలో, యంత్రములకంటె మనుష్యుల చేతుల మీదనే ఎక్కువగా లేచిన ఆ రాతికట్టడము స్వయముగా ఒక మహా ఉపాధి పథకమై వేలాది కుటుంబములను పోషించినది. కుడికాలువ నీరు పల్నాటి నుండి దర్శి, అద్దంకి దిక్కులకు ప్రాకినకొలది జొన్నచేలు తరిగి, పొడుగు పింజె పత్తి విస్తరించినది. ఎం.సి.యు.-5, వరలక్ష్మి వంటి రకముల పేర్లు ఆనాటి రైతుల నోట ఇంటివారి పేర్లవలె ఆడెను. పత్తి ఆడవారి చేతుల పంట. నాటుట, కలుపు, మందు, తీత అని ఆరేడు నెలలు ఊరిలో ఎవ్వరిని ఖాళీగా ఉండనీయని పంట.

అయితే ఆ భోగము ఇరువదేండ్లు నిలువలేదు. 1987-88లో తెల్లదోమయు శనగపచ్చ పురుగును విజృంభించి, ఎన్నిమార్లు మందు కొట్టినను లొంగక, అప్పుల పాలైన పత్తి రైతులు గుంటూరు, ప్రకాశం జిల్లాలలో ఆ పురుగుమందునే త్రాగి ప్రాణములు తీసికొన్నప్పుడు దేశమంతయు ఉలిక్కిపడినది. రైతు చావు వార్త యైనది గాని, ఆ చేలలో పత్తి తీసి బ్రతికిన స్త్రీల పనిదినములు ఎన్ని మాయమైనవో ఎవరును వ్రాయలేదు. తరువాత పర్చూరు, ఒంగోలు ప్రాంతములలో చాల భూమి శనగకు మళ్లినది. శనగ తెలివైన పంట: ఖర్చు తక్కువ, నీరు తక్కువ, పట్టణములో కాపురమున్న భూస్వామికి కౌలు ఖాయము, కోతయు నూర్పిడియు యంత్రమే చేయును. అందువలననే అది ఊరి కూలివారికి పనికిరాని పంట. వేలాది ఎకరములలో ఒక పంట పోయి మరియొక పంట వచ్చినప్పుడు దిగుబడులను, ధరలను పోల్చి చూచు మన వ్యవసాయ నివేదికలు, ఎకరమునకు ఎన్ని పనిదినములు తరిగినవో ఒక గడి చేర్చి చూపినయెడల ఈ ప్రశ్న ఎప్పుడో బోధపడియుండెడిది. కలుపుమందు వచ్చి కలుపుతీతను తినివేసినది కూడ ఆ గడిలోనే కనబడెడిది.

మిరప ఒక్కటియే ఇంకను చేతులను అడుగుచున్నది. ఆసియాలోనే పెద్దదిగా పేరొందిన గుంటూరు మిర్చి యార్డును, నగరము చుట్టును వెలసిన నూరుకు పైబడిన శీతల గిడ్డంగులను చూచినవారికి ఈ పంట ఎంతమందిని పోషించునో స్థూలముగా తెలియును: ముఠా హమాలీలు, కాటా గుమస్తాలు, టిక్కీలు (మిరప బస్తాలు) కుట్టువారు, కమీషను దుకాణములవారు, లారీ డ్రైవర్లు. కాని వీరందరి క్రింద కంటికి కనబడని ఒక వరుస కలదు. గిడ్డంగుల ఆవరణలలోను, శివారు పేటల ఇండ్ల వసారాలలోను పరదాపట్టల మీద గుట్టలుగా పోసిన ఎండుమిరపకు చుట్టును స్త్రీలు కూర్చుండి, ముక్కునకు, నోటికి చీరకొంగు బిగించుకొని, ఒక్కొక్క కాయ తొడిమను బొటనవ్రేలి గోటితో త్రుంచి ప్రక్కకు వేయుచుందురు. తాలుకాయ వేరు, మంచికాయ వేరు. కూలి కిలో లెక్కన. సాయంకాలమునకు చేతులు మండి, ఆముదము పట్టించినను ఆ మంట రాత్రి చంటిపిల్లను ఎత్తుకొనుటకైనను ఒప్పదు. ఆమెను ఎవరైనను "ఏం చేస్తుంటావమ్మా?" అని అడిగినచో, చేతులు ఆపకుండగనే "ఖాళీనేనండి, ఇంట్లోనే" అని చెప్పును. ఆ తొడిమ తీసిన తేజ రకపు కాయ ఓడలెక్కి చైనాకు పోవును.

ఇక ఆదోని, ఎమ్మిగనూరు దిక్కులనుండి కోతకు వచ్చు కర్నూలువారి సంగతి. వారు ఈ వలసను సుగ్గికి పోవుట అందురు. దసరా, దీపావళులు దాటిన నాటినుండి మొదట పత్తి తీతకు, తరువాత మిరప కోతకు తరలివచ్చి, చేలగట్లమీద పట్టాగుడిసెలు వేసికొని ఉగాది వరకు ఉండి పోవుదురు. బడియీడు పిల్లలు తల్లుల వెంట వచ్చి కల్లములో కాయ ఎండబోయుదురు లేదా చెల్లిని ఆడింతురు. స్వగ్రామములలో పిల్లలను నిలుపుటకు ప్రభుత్వము సీజనల్ హాస్టళ్లు తెరచినది గాని, తండ్రిచేతి అడ్వాన్సులో పిల్లవాని పనియు కలిసియుండుటచేత ఆ హాస్టలు మంచము చాలమారు ఖాళీగనే మిగులును. గుంటూరి నిరుద్యోగమును గూర్చి మాటలాడునప్పుడు కర్నూలు నిరుద్యోగమును మరచుట న్యాయము కాదు. ఒకచోటి వానలేమి మరియొకచోటి కూలిరేటును క్రిందికి లాగుచున్నది. స్థానిక కూలివారు రోజుకూలి అడుగగా, వలసవారికి కిలో లెక్కన ఇచ్చి రైతు గట్టెక్కుచున్నాడు. రైతును మాత్రమే నిందించి ప్రయోజనము లేదు. ఎకరము మిరపకు లక్షలలో పెట్టుబడి పెట్టినవానికి కాయ చెట్టుమీద పండిపోవుచున్న దినములలో బేరమాడు ఓపిక ఉండదు.

ఈ స్త్రీలును, ఈ సుగ్గివారును ప్రభుత్వ గణాంకములలో నిరుద్యోగులు కారు. దేశవ్యాప్తముగా జరుగు శ్రామికశక్తి సర్వే ప్రకారము 2017-18లో నూటికి 6.1గా ఉన్న నిరుద్యోగము 2023-24 నాటికి 3.2కు దిగినది. వారమునకు ఒక్కదినమున ఒక్క గంట పనిచేసినవానిని కూడ ఆ వారమునకు పనియున్నవానిగా గణించు పద్ధతి ఆ సర్వేలో ఒకటి కలదు. సంవత్సరమున అధిక కాలమును బట్టి గణించు పద్ధతి మరియొకటి. రెండవదియు ఇంటి చేలో కూలిలేకుండ చేయు పనిని ఉద్యోగము క్రిందనే చేర్చును. మూడెకరముల చేనిలో ఇద్దరు చేయగల పనిని అయిదుగురు పంచుకొనుచున్నచో అయిదుగురును ఉద్యోగులే. దీనినే ప్రచ్ఛన్న నిరుద్యోగమని అర్థశాస్త్రజ్ఞులు వ్యవహరింతురు. 1936లో అర్థశాస్త్రజ్ఞురాలు జోన్ రాబిన్సన్ ఈ మాటను ఇంగ్లండు పట్టణములలో ఉద్యోగములూడి వీధి వ్యాపారములకు దిగినవారిని గూర్చి వాడగా, తరువాత అది మన పల్లెలకే అతికిపోయినది. నా అభిప్రాయము ఒక్కటే: పేదవానికి నిరుద్యోగి యగు స్థోమత లేదు. సర్వే అధికారికి ‘పని వెదకుచున్నాను’ అని చెప్పి మూడేండ్లు ఇంటివద్ద కూర్చుండుటకు వెనుక కొంత భూమియో, ఒక తండ్రియో ఉండవలెను. కనుకనే లెక్కలలో నిరుద్యోగము చదువుకొన్నవారిలో, అందులోను యువకులలో ఎక్కువగా కనబడును.

ఆ చదువు ఎచ్చటినుండి వచ్చినదో చూడవలెను. గుంటూరు చదువుల ఊరన్న పేరు పాతది. ఆంధ్ర క్రైస్తవ కళాశాల 1885 నాటిది, వైద్య కళాశాల 1946 నాటిది, నాగార్జున విశ్వవిద్యాలయము 1976 నాటిది. తరువాత పొగాకు డబ్బు, పత్తి డబ్బు, మిరప డబ్బు ప్రైవేటు కళాశాలల లోనికి ప్రవహించి, ఒక తరములోనే జాతీయ రహదారి పొడవునను ఇంజనీరింగు కళాశాలలు మొలచినవి. తాను పడిన కష్టము కొడుకు పడరాదని రైతు తలచుటలో దోష మేమియు లేదు. కాని ఆ తలపులో ఒక తీర్పు దాగియున్నది: పొలము ఓడినవాని పని యని. పదునైదేండ్లు ఆ తీర్పును వింటూ పెరిగిన పిల్లవాడు పట్టా చేత పుచ్చుకొని తిరిగి పొలమునకు పోడు. పోయినను ఊరు మెచ్చదు. పోనీ కళాశాల ఇచ్చిన నైపుణ్యము చేత ఉద్యోగము దొరకునా అనిన, ఒకే మూసలో అచ్చుపోసిన ప్రాజెక్టు రిపోర్టులతో బయటికి వచ్చిన వేలాదిమందిలో కొందరికే కంపెనీల ద్వారములు తెరచుకొన్నవి. మిగిలినవారు హైదరాబాదు అమీర్‌పేటలో కోర్సులు, అటుపై గుంటూరులో గ్రూప్స్, బ్యాంకు, డీయస్సీ, పోలీసు అని వరుసగా ఒక పరీక్ష నుండి మరియొక పరీక్షకు మారుచుందురు.

ఈ పరీక్షల వెంట పరుగు ఎంతటిదో 2019లో గ్రామ, వార్డు సచివాలయముల నియామకములలో తేటపడినది: సుమారు 1.26 లక్షల ఉద్యోగములకు 20 లక్షలకు పైబడిన దరఖాస్తులు. ఇంజనీర్లు, పోస్టుగ్రాడ్యుయేట్లు అందులో చేరి గ్రామ కార్యాలయములలో కూర్చుండిరి. 2025 డీయస్సీలో 16,347 టీచరు పోస్టులకు మూడు లక్షలకు పైగా అభ్యర్థులు పోటీపడిరి. ప్రభుత్వోద్యోగము మీది ఈ మోజును బద్ధకమని వెక్కిరించువారున్నారు, నేను ఏకీభవింపను. పంట ధర ఏడాదికొక విధముగా ఎగిరి పడు ఇంటిలో పెరిగిన బిడ్డకు, నెల మొదటి తేదీన తప్పక వచ్చు జీతముకంటె గొప్ప స్వాతంత్ర్యము కనబడకపోవుట సహజము. 2021-22లో నల్ల తామరపురుగు మిరప పూతను మాడ్చివేసినది. తరువాతి సంవత్సరము ధర ఆకాశమునంటినది. 2025 ఆరంభమున మరల కుప్పకూలగా కేంద్రము మార్కెటు జోక్య పథకము క్రింద క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటింపవలసి వచ్చినది. కోచింగు ఫీజు, హాస్టలు అద్దె, పుస్తకముల ఖర్చు సమస్తమును ఈ కాయ మీదనే నడచుచున్నవి గనుక, మిర్చి ధర పడిన ఏడాది నిరుద్యోగి నిరీక్షణ కూడ ఆగిపోవును. గది ఖాళీచేసి ఇంటికి వచ్చును. ఆ ఏడే ఊరికి నిరుద్యోగులు ‘పెరిగినట్లు’ కనబడుదురు.

సంఘముమీద దీని ప్రభావములలో పెండ్లి మొదటిది. తక్కినవాని నన్నిటిని దాని తరువాతనే చెప్పవలెను. ముప్పది దాటిన అబ్బాయిలు సంబంధములు కుదురక ఇంట మిగులుట ఈ జిల్లాల గ్రామములలో సాధారణమైనది. పిల్లనిచ్చువారు పదెకరములున్నను ‘వ్యవసాయమేనా?’ అని పెదవి విరచి, అద్దె ఇంట కాపురమున్నను హైదరాబాదు సాఫ్ట్‌వేరు వానికి ఇత్తురు. ఆడపిల్ల చదువు విషయమున కథ తారుమారగును: ఆమెకు ఉద్యోగము రాకపోయినను ఎవరును నిరుద్యోగి అనరు, ‘పెండ్లి కావలసిన పిల్ల’ అందురు. ఆ విధముగా ఒక సగము నిరుద్యోగము లెక్కకు రాకుండగనే గృహములలో అణగిపోవుచున్నది.

ఆస్ట్రియాలో మారియంతాల్ అను ఊరిలో, ఊరంతటికి ఆధారమైన బట్టల మిల్లు 1930 ప్రాంతమున మూతపడగా, మారీ యహోదా మొదలగు పరిశోధకులు అచ్చటి ప్రజలతో మసలి 1933లో ప్రకటించిన పరిశీలన ఇప్పటికిని చదువదగినది. చేతినిండ తీరిక ఉన్నను గ్రంథాలయమునుండి పుస్తకములు తీసికొనువారు తగ్గిరి. వీధిలో మగవారి నడక నెమ్మదించెను. నేడేమి చేసితివని అడిగిన సమయమునకు లెక్క చెప్పలేకపోయిరి. ఇంటిపని ఎన్నడును ఆగని స్త్రీలు మాత్రము ఆ విధముగా చెదరలేదు. మన గ్రామములలో రచ్చబండ స్థానమున ఇప్పుడు సెల్‌ఫోను వచ్చినది గనుక ఆ నెమ్మదించిన నడకయైనను కంటికి కనబడదు. క్రికెట్టు బెట్టింగులు, రమ్మీ యాప్‌లు (రాష్ట్రప్రభుత్వము 2020లో ఆన్‌లైను జూదమును నిషేధించినను ఆగినది లేదు), ఆ అప్పు తీర్చుటకు లోన్ యాప్‌లు, ఉద్యోగమిప్పింతునని లక్షలు పుచ్చుకొను దళారులు, ఇవన్నియు ఆ ఖాళీ సమయమును పంటగా కోసికొనుచున్నవి. తండ్రికి తెలియకుండ కొడుకు చేసిన అప్పు, కొడుకునకు తెలియకుండ కొడుకు చదువుకై తండ్రి చేసిన అప్పు ఒకే కమీషను దుకాణపు ఖాతాలో కలిసికొన్న ఇండ్లు లేకపోలేదు. మరికొందరు నిరీక్షించి విసిగి, కౌలుకు నాలుగెకరములు పట్టి మిరప వేయుదురు. సొంత భూమి లేక, బ్యాంకు అప్పు పుట్టక, కౌలు ముందే చెల్లించి చేయు ఈ సేద్యము మరియొక పోటీపరీక్షయే.

పశ్చిమ ప్రకాశపు కథను ఇందులో ఇమిడ్చుట కష్టము. మార్కాపురపు పలకలు ఒకప్పుడు దేశమంతట బడిపిల్లల చేతులలో ఉండెడివి. నోటుపుస్తకములు, ప్లాస్టిక్కు వచ్చి ఆ పరిశ్రమ కుదించుకొనిపోయి వేలాది చేతులు ఖాళీయైనవి. వెలిగొండ ప్రాజెక్టు నీటికై దశాబ్దములుగా ఎదురుచూచుచున్న ఆ మెట్టలనుండి జనము హైదరాబాదు, బెంగుళూరు కట్టడములకు పోవుచుండగా, ప్రకాశపు చీమకుర్తి గ్రానైటు గనులలోనికి ఒరిస్సా, బీహారు కూలీలు వచ్చుచున్నారు. ఈ వలసలలో పైమెట్టు అమెరికా చదువులు. 2025 సెప్టెంబరులో అచ్చటి ప్రభుత్వము హెచ్-1బి కొత్త దరఖాస్తునకు లక్ష డాలర్ల రుసుము విధించినప్పుడు గుంటూరు వీధులలో వినవచ్చిన కలవరము, మిర్చి ధర పడినప్పటి కలవరమునకు తీసిపోలేదు.

ఈ పనిలేమికి ప్రభుత్వములు చేసిన చికిత్సలను గూర్చి క్లుప్తముగ చెప్పుదును. నిరుద్యోగులు పేరు నమోదు చేసికొను ఉపాధి కార్యాలయములు కార్డులు ఇచ్చినవే గాని ఉద్యోగములు ఈయలేకపోయినవి. 2018లో రాష్ట్రము ఆరంభించిన యువనేస్తము మొదట నెలకు వేయి రూపాయల భృతి నిచ్చి ప్రభుత్వము మారగానే అంతరించినది. దాని ప్రయోజనము కోచింగు అద్దెలో కొంత భాగము. 2006 ఫిబ్రవరి 2న అనంతపురము జిల్లా బండ్లపల్లిలో ఆరంభమైన ఉపాధిహామీ మాత్రము వేరు. ఎండకాలమున, పత్తియు మిరపయు లేని నెలలలో, ఆడవారికి మగవారితో సమానమైన కూలినిచ్చి అది గ్రామములలో కూలిరేటునకు ఒక నేల నిర్మించినది. రైతులు దీనివలన కూలీలు దొరకుట లేదని ఆక్షేపించుచుండిరి. కోతల నెలలలో ఆ పనులు ఆపవలెనన్న వారి కోరికలో కొంత న్యాయము ఉండెను. కూలి పెరిగినదన్న బాధలో నాకు న్యాయము కనబడదు.

మిగిలినది పంటకును పట్టాకును నడుమనున్న పని. ఎండుమిరప ఎగుమతి కావలెనన్నచో పురుగుమందు అవశేషములు, అఫ్లాటాక్సిన్ అను బూజు విషము పరీక్షింపవలెను, రంగు, ఘాటు కొలువవలెను, నూనె తీయవలెను, గిడ్డంగి యంత్రములు నడుపవలెను, గుంటూరు చేరువ లాం పరిశోధనాక్షేత్రమువారు ఇచ్చిన రకములను చేనివద్ద పరీక్షించి చూపవలెను. రసాయనశాస్త్రము చదివినవాడును, ఎలక్ట్రికల్ చదివినవాడును, వ్యవసాయ డిప్లమా చేసిన అమ్మాయియు చేయదగిన పనులివి. యడ్లపాడు వద్ద వంకాయలపాడులో సుగంధద్రవ్యముల పార్కు ఈ ఉద్దేశముతోనే వెలసినది. ఇంకను అధికభాగము మిరప మనవద్దనుండి కాయగనే పోయి, నూనెయు పొడియు ఇతరుల పేర్లతో తిరిగివచ్చుచున్నది. తొడిమ తీయుటకు యంత్రములు చేయు ప్రయత్నములును సాగుచున్నవి. అవి ఫలించిన నాడు పరదాపట్టల మీది ఆ స్త్రీలను ఆ యంత్రముల వద్దకు తీసికొనిపోవు శిక్షణ ముందే సిద్ధము కాకున్నచో, మిరప ఇచ్చు చివరి పనిదినములును పోవును. ఇటువంటి గిడ్డంగి ఉద్యోగము వచ్చిన యువకుని చూచి పిల్లనిచ్చు తండ్రి మొదట అడుగునది జీతమెంత అని కాదు, ‘పర్మినెంటేనా?’ అని; నియామక పత్రము, ప్రావిడెంటు ఫండు, ఆరోగ్య బీమా చూపి ఆ ప్రశ్నకు జవాబు చెప్పగల యజమానులు గుంటూరు చుట్టుప్రక్కల ఇప్పటికిని అరుదు.